విద్యుత్తు కారులో సంగీతము: తగ్గించినదేమి, చేర్చవలసినదేమి?

2025 అక్టోబరు 7వ తేదీన అమెరికాలోని టెస్లా సంస్థ తన 'మోడల్ వై' కారులో తక్కువ వెలగల ఒక రకమును 'స్టాండర్డు' అను పేర విడుదల చేసినది. దాని వెల 39,990 డాలర్లు. పై మెట్టుననున్న 'ప్రీమియమ్' రకపు వెలకంటె ఇది 5,000 డాలర్లు తక్కువ. ఈ తగ్గింపునకు బదులుగా కారులో కొన్ని వస్తువులు తగ్గినవి. వెనుక సీటువారి తెర పోయినది. పైకప్పు అద్దము లోపలివైపున గుడ్డతో మూయబడినది. శబ్దసాధనములో 15 స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు ఉండవలసినచోట 7 స్పీకర్లు మాత్రమే మిగిలినవి. రేడియో పూర్తిగా తీసివేయబడినది.

ఇట్టి పట్టికను చూచినవాడు మొదట చేయునది తీసివేత లెక్క. పదిహేనులో ఏడు పోగా ఎనిమిది. ఆ ఎనిమిది స్పీకర్లను, ఒక సబ్‌వూఫరును బజారున కొని బిగించుకొన్నచో ఆ అయిదువేల డాలర్లలో కొంత మిగులునని ఆశ. కార్లకు సంగీతసాధనములను అమర్చు దుకాణములవారు ఈ ఆశను పెంచుదురే గాని తుంచరు. ధ్వనిశాస్త్రము మాత్రము ఈ తీసివేత లెక్కను అంగీకరింపదు. ఏడు స్పీకర్లలో ఉన్న గుణమేమి, పదిహేనింటిలో ఉన్న గుణమేమి అని విచారించినచో, తగ్గించినవానిలో కొన్ని పోయినందువలన చెవికి అంతగా నష్టము లేదనియు, ఒకటి మాత్రము తప్పక పూరింపవలసినదనియు, మరియొకటి దుకాణమున కొనుటకు వీలుకానిదనియు తేలును.

విద్యుత్తు కారును నిశ్శబ్దవాహనమనుట వాడుక. నిలిచియున్నప్పుడును, మెల్లగా పోవునప్పుడును అది నిజమే. పాదచారులకు కారు వచ్చుచున్న సంగతి తెలియకపోవునని ఐరోపాలో 2019 జులై నుండి క్రొత్తరకపు విద్యుత్తు కార్లు గంటకు 20 కిలోమీటర్ల వేగము వరకు కృత్రిమమైన ధ్వనిని చేయవలెనని నిబంధన పెట్టిరి. కాని వేగము 60, 80 కిలోమీటర్లకు చేరునప్పటికి కారు లోపల వినవచ్చునది ప్రధానముగా టైర్ల రొద, గాలి రొద. టైరులో బంధింపబడిన గాలి సెకనుకు దాదాపు 200 కంపనములతో అనునాదము చెందును. రోడ్డు గరుకుదనమువలన అంతకంటె తక్కువ కంపనములు గల మోత పుట్టి నేలరేకు గుండ లోపలికి వచ్చును. ఇంజను ఉన్నంతకాలము ఈ రెండు రొదలును దాని చాటున ఉండెడివి. ఇంజను పోగానే బయటపడినవి. కనుక విద్యుత్తు కారులో పాట మరింత బాగుగా వినబడునను మాట సగము మాత్రమే సత్యము. తారస్వరములకు అది వర్తించును. మంద్రస్వరములను టైర్ల మోత ఇప్పటికిని కప్పివేయుచునే యున్నది.

మంద్రస్వరములకు మరియొక చిక్కు మన చెవిలోనే కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్‌సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో దీనిని కొలతలతో నిరూపించిరి. సెకనుకు 1,000 కంపనములు గల ధ్వని చెవికి ఎంత సుళువుగా అందునో, 50 కంపనములు గల ధ్వని అంత సుళువుగా అందదు. రెండును సమానమైన బిగ్గరగా తోచవలెనన్నచో రెండవదానికి ఎన్నో రెట్లు అధికశక్తిని ఈయవలెను. పాటను మెల్లగా పెట్టుకొన్నకొలది ఈ వ్యత్యాసము హెచ్చును. అందుచేతనే గొంతు తగ్గించినప్పుడు మొట్టమొదట మాయమగునది మృదంగపు ఎడమ మూతపై పలుకు గుంకారము. గాయకుని మాట, వయొలిను తీగెల సన్నదనము అట్లే నిలిచియుండును.

స్టాండర్డు రకమున పోయిన వస్తువులలో నిజమైన లోటు ఇదియే. పోయిన ఎనిమిది స్పీకర్లకంటె పోయిన ఒక్క సబ్‌వూఫరు ఎక్కువ విలువ గలది. తలుపులో అమర్చిన స్పీకరు పాశ్చాత్యుల డబుల్‌బేస్ వాద్యములోని అతి మంద్రపు తీగెను, అనగా సెకనుకు 41 కంపనములను, తగినంత బిగ్గరగా పలికింపజాలదు. దాని పళ్లెము చిన్నది. ముందుకు వెనుకకు కదలగల దూరము స్వల్పము. మంద్రస్వరమును పుట్టించుటకు చాల గాలిని త్రోయవలెను. చిన్న పళ్లేలు ఎన్ని చేర్చినను ఈ పనికి పెద్ద పళ్లెము ఒకటి చేర్చినంత ప్రయోజనము లేదు.

అయితే ఎంత పెద్దది? ఇక్కడ కారు కొనుగోలుదారునకు ప్రకృతి చేయు ఉపకారమొకటి ఉన్నది; దుకాణములవారు దీనిని సామాన్యముగా చెప్పరు. గాలిలో ధ్వని వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. కారు లోపలి పొడవు 3 మీటర్లు అనుకొన్నచో, ఆ పొడవు తరంగదైర్ఘ్యములో సగమగు ధ్వనికి 340ని 6చే భాగింపగా సెకనుకు 57 కంపనములు వచ్చును. అంతకంటె మంద్రమైన ధ్వని తరంగము కారులో పట్టదు. అప్పుడు అది తరంగమువలె ప్రయాణించుట మాని, సైకిలు పంపులోని గాలివలె కారులోని గాలినంతటిని ఒక్కుమ్మడిగా నొక్కుచు వదలుచు నుండును. ఈ స్థితిలో కంపనముల సంఖ్య సగమైనప్పుడెల్ల ఒత్తిడి 12 డెసిబెల్‌ల వరకు లాభించునని సిద్ధాంతము. తలుపు సందులవలనను, రేకులు వణకుటవలనను ఆచరణలో అంత లాభము రాదు. వచ్చినంతవరకైనను, ఇంటి హాలులో చాలని చిన్న సబ్‌వూఫరు కారులో చాలుననుటకు ఇదియే కారణము. డిక్కీ అంతయు ఆక్రమించు పెట్టెలు సంగీతము కొరకు కాదు. వీధిలో పోవువారి కొరకు.

పైకప్పు అద్దమును గుడ్డతో మూసిన సంగతి పైన చెప్పబడినది. పత్రికలలో కొందరు దీనిని లోపముగా పరిగణించిరి. అద్దము ఉండగనే దానిని కప్పిపెట్టుట వారికి వింతగా తోచినది. వినువాని దృష్టితో చూచినచో ఇది లాభమే కావలెను. అద్దము తారస్వరములను ఇంచుమించు పూర్తిగా తిరుగగొట్టును. గుడ్డ, దాని వెనుకనున్న మెత్తని పొర వానిలో కొంత భాగమును మ్రింగివేయును. తలకు జానెడు ఎత్తున అద్దమున్న గదిలో పాట వినుటకంటె గుడ్డ ఉన్న గదిలో వినుట మేలని సంగీతశాల కట్టిన ఏ మేస్త్రిని అడిగినను చెప్పును. పొదుపు కొరకు చేసిన పని ఒక్కొక్కప్పుడు ఇట్లు శాస్త్రమునకు అనుకూలించుట కలదు.

ఇక మిగిలిన ఎనిమిది స్పీకర్లు. కారులో శ్రోత గది నడుమ కూర్చుండడు. ఒక ప్రక్కన కూర్చుండును. అమెరికాలో చోదకుడు ఎడమవైపున ఉండును. ఎడమ తలుపు స్పీకరు అతని చెవికి 80 సెంటీమీటర్లు, కుడి తలుపు స్పీకరు 140 సెంటీమీటర్లు దూరమున ఉన్నవనుకొందము. 60 సెంటీమీటర్ల తేడాను ధ్వని దాటుటకు సెకనులో వేయవ వంతుకు ఇంచుమించు రెండింతలు, దాదాపు 1.8 మిల్లీసెకనులు, పట్టును. ఇంత స్వల్పకాలమును మనము గుర్తింపలేమనిపించును గాని మెదడు గుర్తించును. రెండుచోట్ల నుండి ఒకే ధ్వని వచ్చినప్పుడు మెదడు ముందు చేరినదాని దిక్కునే నమ్ముననియు, తరువాతి దానిని ప్రత్యేకముగా లెక్కచేయదనియు జర్మనీ దేశీయుడు హెల్ముట్ హాస్ 1949లో చూపెను. అందుచే పాటకుడు ఎదుట నిలిచి పాడినట్లు గాక, ఎడమ మోకాలి వద్ద కూర్చుండి పాడినట్లు తోచును.

దీనికి చికిత్స మరికొన్ని స్పీకర్లను చేర్చుట కాదు. ఒకే పాటను అనేక స్థలముల నుండి పలికించినచో ఆ తరంగములు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని స్వరములను పెంచును, కొన్నింటిని చంపును. తల కొద్దిగా కదలిన అది మారిపోవును. పదిహేను స్పీకర్ల రకమున కర్మాగారమువారు ప్రతి స్పీకరునకు ఎంత ఆలస్యము, ఎంత బలము, ఏ స్వరములు అను లెక్కను కట్టి డిజిటల్ ప్రాసెసరులో పెట్టియుందురు. కొనువాడు చెల్లించిన ధనములో అధికభాగము ఈ లెక్కకే చెందుననుట అతిశయోక్తి కాదు. బజారులో కొన్న స్పీకర్లతో ఈ లెక్క రాదు. ఏడు స్పీకర్లు ఉన్నవాడు వానిని అట్లే యుంచి, ఆలస్యమును సరిదిద్దు చిన్న ప్రాసెసరునొకదానిని చేర్చినచో ఎనిమిది స్పీకర్లను చేర్చినదానికంటె హెచ్చు ఫలితమును పొందును. ఒక హెచ్చరిక మాత్రము అవసరము: చోదకుని చెవికి సరిదిద్దినది ప్రక్క సీటువారికి మరింత వంకరగును. కారులో స్టీరియో సంగీతము ఒక్కరి భోగము. భార్యాభర్తలు కలిసి ప్రయాణము చేయు కారులో ఎవరి చెవికి సరిదిద్దవలెనో ధ్వనిశాస్త్రము చెప్పజాలదు.

డబ్బు తక్కువగల వారికి దీనికంటె ముందు చేయదగిన పని తలుపులలో ఉన్నది. స్పీకరు పళ్లెము ముందుకు కదలినప్పుడు వెనుకవైపున గాలి పలుచనగును. వెనుకటి ధ్వని రంధ్రముల గుండ ముందునకు వచ్చి మంద్రస్వరములను రద్దు చేయును. తలుపు రేకు తానును వణకి, పాటలో లేని స్వరమును కలుపును. రేకుపై బ్యూటైల్ రబ్బరు పలకలను అంటించి, లోపలి రంధ్రములను మూసినచో ఈ రెండు దోషములును చాలవరకు తగ్గును. టైర్ల మోతయు కొంత తగ్గును. తలుపు అడుగున వాననీరు పోవుటకు ఉంచిన రంధ్రములను మాత్రము మూయరాదు. ఈ పనికి అయ్యెడి ఖర్చు స్వల్పము. అంగడి అద్దములో పెట్టి చూపుటకు దీనిలో ఏమియు లేదు గనుక దీనిని గూర్చి ప్రకటనలును స్వల్పమే.

ప్రకటనలలో కనిపించునది వాట్ల సంఖ్య. ఆంప్లిఫయరు పెట్టెపై '1,000 వాట్లు' అని వ్రాసియుండును. ఈ సంఖ్యలో రెండు మోసములు కలవు. వాట్లు రెట్టింపైనచో ధ్వని మూడు డెసిబెల్‌లు మాత్రమే పెరుగును; చెవికి అది స్వల్పమైన మార్పు. పాట రెండింతలు బిగ్గరగా తోచవలెనన్నచో సుమారు పదిరెట్ల శక్తి కావలెను. కాగా 100 వాట్లకు, 200 వాట్లకు గల వ్యత్యాసము అంగడిలో చెప్పబడునంత పెద్దది కాదు. రెండవ మోసము సరఫరాకు సంబంధించినది. టెస్లా కార్లలో 2021 చివర నుండి చిన్న బాటరీగా సీసపు బాటరీకి బదులు లిథియమ్ అయాన్ బాటరీ వచ్చినది. దాని నామమాత్రపు వోల్టేజి 15.5, సామర్థ్యము 6.9 ఆంపియర్ గంటలు. వేయివాట్లను నిజముగా పొందవలెనన్నచో వృథాను లెక్కింపకయే 60 ఆంపియర్లకు పైగా ప్రవాహము కావలెను. ఈ కార్లలో కరగిపోవు ఫ్యూజు తీగెలు లేవు. ప్రవాహమును ఎలెక్ట్రానిక్ కాపలాదారులు కనిపెట్టుచుందురు. అనుకొనని భారము తగిలినచో వారు దానిని లోపముగా తలచి ఆ శాఖను ఆపివేయుదురు. పన్నెండు వోల్టులకు చేసిన ఆంప్లిఫయర్లలో కొన్ని పదునారు వోల్టులను చూచి తామే ఆగిపోవును. కారు నిద్రించునప్పుడు ఆంప్లిఫయరు నిద్రింపకున్నచో మరియొక చిక్కు: ఆ చిన్న బాటరీని నింపుటకు కారు మాటిమాటికి మేల్కొనవలసివచ్చును.

అమర్చువారు ఎట్టి పరిస్థితిలోను తాకరానివి నారింజరంగు తొడుగు గల తీగెలు. వానియందు 400 వోల్టుల ప్రాంతపు విద్యుత్తు ప్రవహించును. కప్పు అంచులలోను, స్తంభములలోను గాలిసంచులు మడతపెట్టబడి యుండును. వానికి అడ్డముగా తీగె లాగినవాడు పాట కొరకు ప్రాణమును పణము పెట్టినవాడగును.

సంగీతమువలన కారు పోగల దూరము తగ్గునను భయము కొందరికి కలదు. ఇది నిరాధారము. సగటున 50 వాట్లు తీసుకొను సాధనము గంటసేపు పాడినచో 50 వాట్-గంటలు ఖర్చగును. కిలోమీటరునకు సుమారు 150 వాట్-గంటలు తీసుకొను కారులో అది కిలోమీటరులో మూడవ వంతు. ఒక్క నింపులో 321 మైళ్లు, అనగా సుమారు 517 కిలోమీటర్లు పోవునని చెప్పబడు కారునకు ఇది లెక్కలోనిది కాదు.

ఇంతవరకు చెప్పినది వస్తువుల లోటు. లోటు మరియొక రకమున కూడ కల్పింపబడుట కలదు. 2019 ఏప్రిలులో టెస్లా తన 'మోడల్ 3' కారు స్టాండర్డు రకమును దాని పై రకముతో సమానమైన వస్తువులతోనే ఇచ్చి, సంగీత ప్రసారమును, సీటు వెచ్చచేయు సాధనమును, మరికొన్ని సౌకర్యములను సాఫ్టువేరుతో బంధించినట్లు తానే ప్రకటించినది. సీటు క్రింద తీగెలున్నవి, అవి వేడెక్కవు. వస్తువు లేనప్పుడు కొని చేర్చవచ్చును. ఉన్న వస్తువునకు తాళము వేసి దానిని పేదరికముగా చూపుటను వ్యాపారమనవచ్చును గాని పొదుపు అనరాదు. 2025 నాటి స్టాండర్డు కారును ఈ విషయమున మెచ్చుకొనవలెను: దానిలో లేని సబ్‌వూఫరు నిజముగానే లేదు.

రేడియో సంగతి వేరు. 1930లో షికాగోలోని గాల్విన్ సోదరుల కర్మాగారము కారు రేడియోను అమ్మకమునకు తెచ్చినప్పుడు వారికి ఎదురైన పెద్ద అడ్డంకి ఇంజను నిప్పురవ్వల చప్పుడు. ప్రతి రవ్వయు రేడియోలో ఒక చిటపటయై వినబడెడిది. నిరోధకములతోను, లోహపు తొడుగులతోను దానిని అణచిరి. ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట అదియే ప్రశ్న విద్యుత్తు కారులో మరల పుట్టినది. మోటారునకు విద్యుత్తును ముక్కలుచేసి ఇచ్చు ఇన్వర్టరు, ఏ.ఎం. ప్రసారములు నడచు తరంగములందు, అనగా సెకనుకు 530 వేల నుండి 1,700 వేల కంపనముల ప్రాంతములో, రొదను వెదజల్లును. 2014లో అమెరికాలో అమ్మిన బి.ఎమ్.డబ్ల్యు. ఐ3 కారులో ఈ కారణముననే ఏ.ఎం. రేడియో లేదు. ఫోర్డు సంస్థ 2023లో తన క్రొత్త కార్లనుండి దానిని తీసివేయుదుమని చెప్పి, అదే సంవత్సరము మేనెలలో మనసు మార్చుకొన్నది.

ఏ.ఎం. విషయమున ఇంజనీర్లకు చెప్పుకొనుటకొక కారణమైనను ఉన్నది. ఎఫ్.ఎం. ప్రసారములు సెకనుకు 88 నుండి 108 మిలియన్ల కంపనముల వద్ద నడచును. తరంగపు బలములో కలుగు ఒడుదుడుకులను ఆ రేడియో లెక్కింపదు గనుక ఇన్వర్టరు రొద దానిని అంతగా బాధింపదు. వేలకొలది విద్యుత్తు కార్లలో ఎఫ్.ఎం. చక్కగా పనిచేయుచున్నది. కాగా స్టాండర్డు రకమున ఎఫ్.ఎం. పోవుటకు శాస్త్రకారణము లేదు; కొలది డాలర్ల పొదుపు, వినువారిని ఇంటర్నెటు ప్రసారములవైపు మళ్లించుట తప్ప. ఆ ప్రసారములను కారే స్వయముగా అందుకొనుటకు టెస్లా నెలకు 9.99 డాలర్ల చందా వసూలు చేయుచున్నది. చేతిఫోను ద్వారా వినువానికి ఆ చందా తప్పవచ్చును. ఫోను చందా తప్పదు. రేడియోకు ఏ చందాయు లేదు.

2024 సెప్టెంబరులో హెలీన్ అను తుపాను అమెరికాలోని ఉత్తర కెరొలినా పడమటి కొండప్రాంతమును ముంచినప్పుడు సెల్‌ఫోను స్తంభములు, విద్యుత్తు, నీరు ఒకేసారి పోయినవి. ఆష్‌విల్ పట్టణములో ప్రజలు కార్లలో కూర్చుండి స్థానిక ప్రజారేడియోలో నీరు ఎక్కడ దొరకునో, ఏ దారి తెరచియున్నదో వినిరి. తుపానుల తీరమున పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. అమెరికాలో ఈ కార్లను నడపుచున్న తెలుగు కుటుంబములును తక్కువ కాదు. ఇంటిలో విద్యుత్తు పోయిన రోజులలో నిండుబాటరీతో నిలిచియున్న విద్యుత్తు కారు ఎన్నో దినములు రేడియోను పలికింపగలదు. ఆ కారులోనే రేడియో లేదు.

దీనిని ఏ దుకాణమును చక్కగా పూరింపజాలదు. ఈ కార్లలో విడదీసి మార్చదగిన రేడియో పెట్టె లేదు. నడుమనున్న తెరయే కారు బుద్ధి, దానిలో బయటి రేడియోను ఇమిడ్చుటకు తావు లేదు. చేతిరేడియోనొకదానిని కొని అరలో పెట్టుకొనుట ఒక్కటే దారి. కిటికీ దింపి దాని కర్రను బయటకు సాచినచో కేంద్రములు పలుకును. ప్రతి కారులోను ఏ.ఎం. రేడియో ఉండవలెనను బిల్లు అమెరికా కాంగ్రెసులో 2023లో ప్రవేశపెట్టబడి, 2025 జనవరిలో మరల ప్రవేశపెట్టబడినది. ఇన్వర్టరు రొదతో పోరాడవలసిన ఏ.ఎం.ను గూర్చియే ఆ బిల్లు పట్టుబట్టినది. ఏ రొదయు అడ్డురాని ఎఫ్.ఎం.ను కారునుండి తీసివేయుదురని దానిని వ్రాసినవారికి తోచినట్లు లేదు.